బుద్రి వాకిట్లో పార్కింగు సర్వే

నా సర్వీసు ఆఖరి సంవత్సరంలో, శ్రావణమాసం వానల్లో, అరకు లోయలో నేను పనిచేస్తున్న డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ గారు నా చేతికి ఒక మెమో ఇచ్చారు. కాలేజీ ఆవరణలో వాహనాల పార్కింగు మీద సర్వే చేయడానికి వచ్చే బృందానికి ఆఫీస్ సబార్డినేట్ అప్పలనరసమ్మ సహకరించవలెను, గేటు డ్యూటీకి ఇది అదనం, ఇందుకు వేరే అలవెన్సు లేదు అని అందులో రాసి ఉంది. అలవెన్సు లేదన్న ముక్క కింద గీత కూడా గీశారు, నేనేదో అడిగేస్తానని.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మా నాలుగో తరగతి ఉద్యోగుల సంఘం వాళ్ళు తమ పత్రికకి ఉద్యోగంలో జరిగిన సంగతి ఒకటి రాసిమ్మన్నారు. నేను చదివింది మూడో తరగతి. వంకర టింకర అయినా రాత నాదే, ఎవరి చేతా రాయించలేదు. రాయించుకుంటే వాళ్ళకి టీ ఇవ్వాలి.

ముందు నా హోదా చెబుతాను. ఆఫీస్ సబార్డినేట్ అంటే పూర్వం అటెండరు, అంతకు పూర్వం బంట్రోతు. పేరు మారుతూ వచ్చింది గాని కూర్చోడానికి కుర్చీ మాత్రం రాలేదు. కింద మైదానంలో ఒక కాలేజీలో మా ఆయన ఇదే పని చేస్తూ పోయాడు. కారుణ్య నియామకం కింద ఆ ఉద్యోగం నాకిచ్చారు. తర్వాత కొండ మీదకి బదిలీ అయింది. ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష అని మావాళ్ళు ఏడ్చారు. నాకేమీ శిక్షగా కనిపించలేదు. కూరగాయలు చవక, ఫ్యాను అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. గేటు తియ్యడం, మూయడం, గంట కొట్టడం, ఆవరణలోకి వచ్చే బళ్ళు అడ్డదిడ్డంగా పెట్టకుండా చూడడం నా డ్యూటీ.

ఇక సర్వే. కాలేజీలు తమ ఖర్చులకి తామే కొంత సంపాదించుకోవాలని పైనుంచి మాట వచ్చిందట. మా కాలేజీకి అమ్ముకోడానికి ఏముంది? ఒక గ్రౌండుంది. సంత దారిలో ఉంది కాబట్టి శుక్రవారం సంత రోజున గేటు బయట బళ్ళు కనిపిస్తాయి. శీతాకాలంలో టూరిస్టులు వస్తారు. అందుకని ఒక సలహాల కంపెనీని పిలిచి, కాలేజీల్లో పార్కింగుకి ‘మార్కెట్ సైజు’ ఎంతో లెక్క తేల్చమన్నారు. మార్కెట్ సైజు అంటే, ఒక వ్యాపారం ఇంకా మొదలు పెట్టకముందే అందులో ఏడాదికి ఎంత సొమ్ము తిరుగుతుందో అంచనా కట్టడం. దానికి వాళ్ళ దగ్గర మూడు మెట్లున్నాయి. చోటులో ఎన్ని బళ్ళు పడతాయి, ఒక్కో గడిలో రోజుకి ఎన్ని బళ్ళు మారతాయి, పెట్టేవాళ్ళలో ఎంతమంది డబ్బు కట్టడానికి ఒప్పుకుంటారు. ఈ మూడూ గుణించి, దాన్ని రుసుముతోనూ పనిదినాలతోనూ గుణిస్తే వచ్చేదే మార్కెట్ సైజు. పద్ధతిలో తప్పేమీ లేదు. తప్పంతా మూడో మెట్టు దగ్గర ఉంది.

వచ్చింది ఇద్దరు. ఒకాయన మేనేజరు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, జేబులు తప్ప గుడ్డ కనపడని జర్కిన్. ఆయన కింద పని చేసే అమ్మాయి పేరు శ్రావ్య. హైదరాబాద్ పిల్ల. కారు తిన్నగా గ్రౌండు మధ్యకి తోలుకొచ్చి ఆపారు. మాది ఎర్రమట్టి. వానలో పైకి గట్టిగా కనపడుతుంది, కింద జావలా ఉంటుంది. పార్కింగు గురించి చెప్పడానికి వచ్చిన వాళ్ళ కారు పార్కు చేసిన చోటే దిగబడిపోయింది. సెకండియర్ కుర్రాళ్ళు వచ్చి తోస్తే గాని పైకి రాలేదు. తోసిన వాళ్ళ బట్టలు పాడయ్యాయి. మేనేజరు వాళ్ళకి చేయి ఊపాడు.

మొదటిరోజు గ్రౌండులో సున్నంపొడితో గడులు గీశారు. ఒక గడికి ఒక బండి అని. సాయంత్రానికి వాన వచ్చి గడులు కాలవలోకి పోయాయి. మర్నాడు మళ్ళీ గీశారు, మళ్ళీ పోయాయి. ఆ సున్నంతో మా ప్రహరీకి ఒక పూత పడేది. ఆ మాటే అన్నాను. మేనేజరు నవ్వి, ఇది నమూనా అన్నాడు. సున్నం మాత్రం నిజంది.

బొర్రా గుహలు చూడ్డానికి వచ్చే టూరిస్టులు కూడా మన మార్కెట్లోకి వస్తారని రాసుకున్నాడు. బొర్రా ఎక్కడ, మేమెక్కడ? కారు మా కాలేజీలో పెట్టి, ఘాట్ రోడ్డంతా నడిచి వెళ్ళి గుహలు చూసి, మళ్ళీ నడిచి వచ్చి కారు తీసుకుంటారా? అడిగాను. దాన్ని ‘క్యాచ్‌మెంట్’ అంటారన్నాడు, గిరాకీ వచ్చే మేర అని. ఏ పేరు పెడితేనేం, నడిచేవాడికి కాళ్ళు అవే.

అసలు బళ్ళు ఆగేది కాలేజీలో కాదు. బుద్రి వాకిట్లో.

బుద్రి ఇల్లు మా ప్రహరీకి ఆనుకుని ఉంది. కాలేజీ కంటే ముందునుంచీ ఉంది. గోడ కట్టేటప్పుడు కాలేజీయే పక్కకి జరుపుకుంది. ఇంటి ముందు పనసచెట్టు, చెట్టు కింద ఎర్రమట్టి వాకిలి, రోడ్డు వైపు కంచె. కొండ మీద ఊళ్ళనుంచి మోటారుసైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు, సంతకి వచ్చినా, హాస్టల్లో ఉన్న కూతుర్ని చూడ్డానికి వచ్చినా, తామే చదువుకోడానికి వచ్చినా, బండి అక్కడ పెడతారు. మట్టిలో సైడు స్టాండు దిగబడి బండి పడిపోతుంది కాబట్టి ఎవరికి వారు కొండనుంచి ఒక పలకరాయి తెచ్చి అక్కడ వేసుకున్నారు. స్టాండు ఆ రాయి మీద ఆనిస్తారు. ఎవరి రాయి వారిదే. ఇంకొకరి రాయి మీద బండి పెట్టడం అక్కడ ఇంకొకరి కంచంలో చెయ్యి పెట్టడం లాంటిది.

బుద్రి ఎవర్నీ పైసా అడగదు. వాళ్ళూ ఇవ్వరు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి గుమ్మంలో పెట్టి వెళతారు. ఒకరు చోళ్ళు, అంటే రాగులు, ఒకరు రాజ్మా, ఒకరు గుమ్మడికాయ, కాలాన్ని బట్టి చింతపండు. బుద్రికి మోకాలు పాడైంది. కొండ మీద తన పోడు చేలోకి ఎక్కలేదు. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆ గుమ్మంలోకి వచ్చిందే తిండి. ఆ వాకిలి మూతపడితే ఆమె పొయ్యి మీదకి ఎక్కేది ఏమీ లేదు. ఈ సంగతి లోయలో అందరికీ తెలుసు, కంపెనీకి తప్ప.

బుద్రి బళ్ళకి కాపలా మాత్రమే కాదు. పిల్లకి జొరమొచ్చింది, ఆస్పత్రికి తీసుకెళ్ళారు అని తండ్రికి చెప్పేది బుద్రే. హాస్టలు పిల్లకి తల్లి పంపిన మూట దాచేది బుద్రే. దానికి పది రూపాయలని ఎవడు కడతాడు రేటు?

శుక్రవారం మేనేజరు ఆ వాకిట్లోకి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు, మెమో ఉంది కాబట్టి వెళ్ళాను. వాన పడుతోంది. బుద్రి లేచి పీట వేసింది, తన చెట్ల కాఫీ బెల్లం వేసి కాచి ఇచ్చింది. మేనేజరు ఒక గుక్క తాగి, ఇది సిటీలో చాలా రేటు పలుకుతుందన్నాడు. తర్వాత చేతిలో పలక లాంటిది తీసి మొదలుపెట్టాడు.

"మీ వాకిట్లో ఎన్ని బళ్ళు పడతాయమ్మా?"

"ఎన్నైనా పడతాయి బాబూ. వొచ్చినోలందరికీ సోటుంది."

"యాభై?"

"పడతాయి."

"వంద?"

"అలాగే బాబూ. ఎందుకు పట్టవు?"

ఆ వాకిలి మా ఆఫీసు గదికి రెండింతలుంటే ఎక్కువ. అందులో వంద బళ్ళు పెట్టాలంటే పనసచెట్టు మీద కూడా పెట్టాలి. ఆయన రాసుకున్నాడు. తర్వాత అక్కడున్న వాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాడు. సుక్రా అని ఒకాయన ఉన్నాడు, అతని కూతురు మా కాలేజీలో బీయస్సీ, ప్రతి శుక్రవారం చూడ్డానికి వస్తాడు.

"కాలేజీలో షెడ్డు వేసి, కాపలా పెట్టి, బండికి పది రూపాయలు తీసుకుంటే అక్కడ పెడతావా?"

"అలాగే బాబూ."

"ప్రతి వారం?"

"అలాగే."

"ఇరవై చేస్తే?"

"అలాగలాగే."

పక్కవాడూ అలాగే అన్నాడు. వాడి పక్కవాడూ. ఒక ముసలాయనకి బండే లేదు, ఆయన కూడా అలాగే అన్నాడు. మేనేజరు మొహం వెలిగిపోయింది.

ఇక్కడి పద్ధతి చెప్పాలి. మన గుమ్మంలోకి వచ్చి, మన పీట మీద కూర్చుని, మన నీళ్ళు తాగినవాడు ఏమన్నా కాదనకూడదు. లేదు, కుదరదు, నీ మాట తప్పు అని మొహం మీద అనడం కొండమీద పెద్ద అమర్యాద. కాదు అని నోటితో చెప్పరు. తర్వాత రారు. రాకపోవడమే కాదనడం. మా మైదానం వాళ్ళకి ఈ తీరు లేదు. మేము ముందు కాదంటాం, తర్వాత వెళ్ళి క్యూలో నిలబడతాం.

మేనేజరు వెళ్ళాక బుద్రిని తిట్టాను. నన్ను అప్పా అంటుంది, అక్కా అని.

"నీకు మతుండే మాటాడతన్నావేటే? వంద పడతాయా? రేపు ఆ రాతలన్నీ నీ మెడకే సుట్టుకుంతాయి."

"ఇంటికొచ్చినోడు అడిగినాడు అప్పా. సోటు లేదని ఎలాగంతాను?"

"ఆడు బండెట్టుకోడానికి అడగలేదే. నీ వాకిలి మూయించడానికి అడిగినాడు."

"పాపం, వానలో తడిసిపోనాడు."

ఇలాంటి మనిషికి ఏం చెబుతాం? నేను గొడుగు వేసుకుని గేటు వైపు బయల్దేరాను. చూస్తే ఆ శ్రావ్య వెళ్ళలేదు. వాకిట్లో గొంతుకూర్చుని బురదలో చెయ్యి పెట్టి ఏదో తడుముతోంది.

"ఏటే గుంటా, ఉంగరం పారేసుకున్నావా?"

"కాదు మామ్మా. రాళ్ళు చూస్తున్నాను."

"రాళ్ళు సూడ్డానికి హైదరాబాదు నుంచి వొచ్చినావా? అక్కడ లేవా?"

ఆ పిల్ల ఒక రాయి తిప్పి చూపించింది. స్టాండు ఆనే చోట గిన్నెలా గుంట పడి, అరిగి, మెరుస్తోంది. ఇంకో రాయి చూపించింది. దాని మీద గుంట ఉంది గాని పాచి పట్టింది. మెరిసే రాళ్ళవాళ్ళు వారం వారం వస్తున్నవాళ్ళు, పాచి రాళ్ళవాళ్ళు ఒకప్పుడు వచ్చి మానేసినవాళ్ళు అంది. మెరిసే రాళ్ళు ఎన్నున్నాయో అన్నే ఇక్కడి బళ్ళు అంది. అవి చాలా తక్కువ.

కంపెనీ జీతం తీసుకుని బురదలో ఆడుకుంటోందనుకున్నాను. కాదు, ఆ పిల్లకి బుర్ర ఉంది. మేనేజరు అడిగిన మనుషుల దగ్గరికే మళ్ళీ వెళ్ళింది. ఈసారి షెడ్డు మాట ఎత్తలేదు. పోయిన శుక్రవారం బండి ఎక్కడ పెట్టావు మావయ్యా అని అడిగింది. ఇక్కడే. అంతకు ముందు వారం? ఇక్కడే. సంతలో డబ్బులు తీసుకునే స్టాండొకటి ఉంది కదా, అక్కడ ఎప్పుడైనా పెట్టావా?

సుక్రా నవ్వాడు. "ఎందుకమ్మా? ఆలు మనకేటౌతారు?"

రేపటి సంగతి అడిగితే మర్యాద కోసం అలాగే అంటారు. నిన్నటి సంగతి అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు. నిన్నటిదానికి అబద్ధం చెప్పి అతిథిని సంతోషపెట్టాలని వాళ్ళకి ఉండదు.

ఆ సాయంత్రం స్టాఫ్ రూములో మేనేజరుకి ఆ పిల్ల ఇదంతా చెప్పింది. నేను అక్కడే గ్లాసులు కడుగుతున్నాను.

"క్లయింటుకి రాళ్ళ కథ చెప్పమంటావా శ్రావ్యా?"

"సార్, వాళ్ళు అవునన్నది మనకి కాఫీ ఇచ్చినట్టే. అంతకుమించి లేదు."

"అందరూ అవునన్నారు. ఒక్కడు కూడా కాదనలేదు. ఇంత క్లీన్ డేటా నేనెప్పుడూ చూడలేదు."

"నా అనుమానం కూడా అదే సార్. ఒక్కడు కూడా కాదనకపోవడం."

ఆయన ఆ పిల్లకి అనుభవం చాలదన్నాడు. బుద్రి చెప్పిన వందని, అందరూ చెప్పిన అలాగేని, గ్రౌండు గడుల్ని గుణించాడు. వచ్చినదాన్ని ఇటు మా లోయనుంచి అటు డొంకరాయి, మారేడుమిల్లి దాకా కొండల్లో ఉన్న కాలేజీలన్నిటికీ మళ్ళీ గుణించాడు. ఆ కాలేజీల్లో కొన్నింటికి గేటు కూడా లేదు. కొన్ని ఊళ్ళకి సంత లేదు. ఒక పనసకాయ కోసి చూసి, కొండమీది చెట్లన్నిటికీ తొనల లెక్క రాసుకుని పోయాడు. రిపోర్టు రంగు రంగుల అట్టతో వచ్చింది. అది ప్రిన్సిపాల్ గారి బల్ల మీద, ఆయనకి వచ్చిన శాలువాల పక్కన పెట్టారు.

తర్వాత నడిచింది ఆఫీసు పద్ధతి. రిపోర్టులో ఉన్న మొత్తాన్ని బట్టి కనీస పాట నిర్ణయించి బహిరంగ వేలం వేశారు. వేలంలో పాల్గొనడానికి ముందుగా కట్టే సొమ్ముని ధరావతు అంటారు. పాట నెగ్గినవాడు మధ్యలో వదిలేస్తే అది కాలేజీకి పోతుంది. పాట నెగ్గింది సింహాచలం. మా పుట్టింటివైపు వాడు, వరస కలిపి నన్ను పిన్నీ అంటాడు. కింద రెండు బస్టాండుల్లో బళ్ళ స్టాండులు నడిపినవాడు. వాడు ఒప్పందంలో ఒక షరతు రాయించుకున్నాడు. కాలేజీ పరిసరాల్లో ఇంకో స్టాండు నడవకుండా కాలేజీ చూడాలి. ప్రిన్సిపాల్ గారు చదవకుండా సంతకం పెట్టారు. శాలువాలు కప్పించుకునేవాళ్ళకి చదివే తీరిక ఉండదు.

గ్రౌండులో కంకర పోసి, రేకుల షెడ్డు వేసి, టోకెన్లు అచ్చు వేయించి, సింహాచలం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. శుక్రవారం వచ్చింది. బళ్ళు గేటు ముందునుంచే బుద్రి వాకిట్లోకి వెళ్ళాయి. ఇంకో శుక్రవారమూ అంతే.

"ఏటి పిన్నీ, ఒక్కడూ రాడేటి?"

"నన్నడిగి పాట పాడినావేటి?"

"అందరూ ఒప్పుకున్నారని రిపోర్టులో ఉంది పిన్నీ."

"ఒప్పుకున్నారు. నానూ ఇన్నాను."

"మరి?"

"మరేటి? కంకర మీద కూకో."

వాడు తిన్నగా బుద్రి ఇంటికి వెళ్ళాడు. గదమాయించడానికే వెళ్ళాడు. బుద్రి పీట వేసింది, కాఫీ ఇచ్చింది. పీట మీద కూర్చుని, కాఫీ పట్టుకుని గదమాయించడం ఎంతటివాడికైనా కష్టం. వాకిట్లో బళ్ళు పెట్టనివ్వకు, మూసెయ్ అని మెత్తగానే అడిగాడు. అలాగే బాబూ, మూసేత్తాను అంది. వాడు సంతోషంగా వచ్చి నాతో చెప్పాడు, ముసల్ది మంచిది పిన్నీ, ఒక్క మాటకే ఒప్పుకుందని. ఆ తర్వాతి శుక్రవారం వాకిలి నిండుగా ఉంది. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ కాఫీ, మళ్ళీ అలాగే. అలా కాఫీలు తాగుతూనే కొన్ని వారాలు గడిచాయి.

చివరికి వాడు షరతు చూపించి ప్రిన్సిపాల్ గారి మీద పడ్డాడు. రోడ్డునుంచి బుద్రి వాకిట్లోకి బండి వెళ్ళాలంటే ఒక బెత్తెడు కాలేజీ స్థలం మీదుగా పోవాలి. అక్కడ గొలుసు కట్టి తాళం వేయవలెను అని నాకు మెమో వచ్చింది. గొలుసు కొనడానికి ఆఫీసులో పద్దు లేదు. సింహాచలం కొని తెచ్చాడు, మంచి లావుపాటి గొలుసు.

ఆ ముసల్దాని తిండికి తాళం వేయమన్నారు నన్ను. చెయ్యనంటే సస్పెన్షను. పెన్షనుకి ఇంకా కొద్ది నెలలే ఉన్నాయి. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ మెమోలో ఉన్న పని చెయ్యకుండా నేనెప్పుడూ ఊరుకోలేదు. వెళ్ళాను. రెండు ఇనుప గుంజలు పాతారు. గొలుసు బరువు, ఒక్కదాన్ని లాగలేకపోతున్నాను. బుద్రి కుంటుకుంటూ వచ్చి రెండో కొస పట్టుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒదిలీయే! నీ నోట్లోంచి ఒద్దు అన్న మాట రాదేటే జన్మకి?"

"నువ్వొక్కదానివే మొయ్యలేపోతన్నావు కదప్పా."

"ఇది కట్టేత్తే ఏటి తింతావు?"

"సూద్దాం. పట్టు, గట్టిగా పట్టు."

ఇద్దరం కలిసి కట్టాం. తాళం నేను వేశాను. కాఫీ ఇచ్చింది, నేను తాగలేదు.

ఆ వచ్చిన శుక్రవారం బళ్ళు రాలేదు. కొండ జనం షేరు జీపుల్లోనూ నడిచీ వచ్చారు. సింహాచలం షెడ్డూ ఖాళీ, బుద్రి గుమ్మమూ ఖాళీ. రెండు చేతుల్లో మూటలున్నవాడు గుమ్మడికాయ కూడా మోసుకొస్తాడా? ఆ వారమంతా బుద్రి అంబలి మీదే ఉంది. అంబలి కూడా పల్చగా ఉంది, నేను చూశాను. సింహాచలం జీపులు దిగేవాళ్ళని ఆపి, బళ్ళు తెచ్చి షెడ్డులో పెట్టుకోండి బాబూ, మొదటి నెల సగం ధరే అని బతిమాలాడు. అలాగే అన్నారు అందరూ.

తర్వాతి శుక్రవారం నేను గేటు తీసేసరికి రోడ్డు పక్క బళ్ళ చప్పుడు. సుక్రా గొలుసు కిందనుంచి దూరి వాకిట్లోకి వెళ్ళాడు. తన రాయి ఎత్తి భుజాన పెట్టుకుని వచ్చాడు. బుద్రి కంచె ముందు, రోడ్డు అంచున రాయి వేసి, దాని మీద స్టాండు ఆనించాడు. వెనకే ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. ఎవడూ ఎవడి రాయీ ముట్టుకోలేదు. కంచె పొడుగునా రాళ్ళు, రాళ్ళ మీద బళ్ళు వరసగా నిలబడ్డాయి. బుద్రి కంచె లోపల పీట వేసుకుని కూర్చుంది. దాటేటప్పుడు ఒక్కొక్కరూ తెచ్చింది గొలుసుకి తగిలించి వెళ్ళారు. కొన్న గొలుసు లావుపాటిది కాబట్టి సొరకాయల బరువు కూడా ఆగింది.

సింహాచలం పరుగెత్తుకొచ్చాడు. "తీయించు పిన్నీ, బేగి తీయించు!"

"ఏటి తీయించాలి?"

"ఆ బళ్ళు! షరతుంది కదా!"

నేను మెమో తీసి చదివి వినిపించాను. గొలుసు కట్టి తాళం వేయవలెను అని ఉంది. కట్టాను, వేశాను. బళ్ళున్నది రోడ్డు అంచు. అది ఆర్ అండ్ బీ వాళ్ళది. కాలేజీ ఉద్యోగిని, రోడ్డు మీద బండి ముట్టుకుంటే నాకు మళ్ళీ మెమో వస్తుంది. ప్రిన్సిపాల్ గారు కూడా పిలిచి అడిగారు. ఆయనకీ అదే మెమో చూపించాను. సంతకం ఆయనదే. అయితే ఆర్ అండ్ బీ వాళ్ళకి రాద్దామన్నారు. రాశారో లేదో నాకు తెలియదు. ఆ రోడ్డు గుంతల గురించి రాసిన ఉత్తరాలకే ఇంతవరకూ జవాబు లేదు.

సింహాచలం సుక్రాని పట్టుకున్నాడు. "అన్నా, పోయిన వారం అలాగే అన్నావు కదా?"

"అన్నాను బాబూ."

"మరి షెడ్డులో పెట్టవేటి?"

"అలాగే. వొచ్చే వారం పెడతాను."

ఆ మాట అంటూనే తన రాయి ఇంకాస్త లోపలికి కాలితో సర్దుకున్నాడు.

సంక్రాంతి దాటేలోగా సింహాచలం ధరావతు వదులుకుని కిందకి దిగిపోయాడు. వెళ్ళేటప్పుడు బుద్రి ఇచ్చిన గుమ్మడికాయ ఒకటి పట్టుకెళ్ళాడు, అదొక్కటే ఈ కొండ మీద వాడి రాబడి. ఒప్పందం రద్దయింది కాబట్టి గొలుసు తీసేయమని మెమో వచ్చింది. తీశాను. దాన్ని స్టోరులో పడేయలేదు, మెయిన్ గేటు పాత గొలుసు తుప్పుపట్టి ఉంటే దాని స్థానంలో కట్టాను. రాళ్ళు ఎవరివి వాళ్ళు లోపలికి మోసుకుపోయారు. షెడ్డులో ఇప్పుడు విరిగిన బెంచీలున్నాయి. శ్రావ్య ఆ కంపెనీలో ఉందో మానేసిందో నాకు తెలియదు. ఆ పిల్ల చెప్పిన లెక్కే నిజమైంది, కాని ఆ రంగుల అట్టలో అది లేదు.

నేను రిటైరయ్యే నెలలో ఇంకో కంపెనీనుంచి ఒక కుర్రాడు వచ్చాడు. పాత రిపోర్టులోని మొత్తం తీసుకుని, దాని మీద ఏడాదికేడాది మార్కెట్ ఎంత పెరుగుతుందో రాయడానికి వచ్చానన్నాడు. గేటు దగ్గర నాకున్న స్టూలు ఇచ్చి కూర్చోబెట్టి, నా ఫ్లాస్కులో టీ పోసిచ్చాను.

"ఇక్కడ పార్కింగు మార్కెట్ బాగా పెరుగుతుంది కదా మామ్మగారూ?"

"అలాగే బాబూ" అన్నాను. రాసుకున్నాడు.

ఉద్యోగం నేర్పింది ఇదొక్కటే కాదు గాని, ఈ సంగతి నేర్పింది మాత్రం ఇది. జనం ఏం చేస్తామంటున్నారో అడిగి సొమ్ము పెట్టకూడదు. ఇప్పుడు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో వెళ్ళి చూసి పెట్టాలి. చూడ్డానికి వానలో బురదలో కూర్చోవాలి కాబట్టి ఎక్కువమంది అడిగి పోతారు.